ఈనా వైన్‌కి ఫస్ట్ ప్రైజ్

1974 జూన్ 9, ఆదివారం

వైన్‌కి ఎల్డర్ పూలు కోయాలంటే పొడి ఉదయం కావాలి. వాన తగిలితే పుప్పొడి పోతుంది. పుప్పొడి పోతే వాసన పోతుంది. ఆ తర్వాత మిగిలేది పంచదార నీళ్ళే. అందుకని ఇవాళ చర్చి ఎగ్గొట్టాను. దేవుడు నన్ను అరవై ఒక్క ఏళ్ళుగా ఎరిగినవాడే, ఏమీ అనుకోడు.

ఏటి పక్క దారిలో పొదలన్నీ తెల్లగా విరగబూశాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. ఒక పొద వాసన తేనెలా ఉంటుంది, దాని పక్కది పిల్లి ఉచ్చ పోసినట్టు ఉంటుంది. ముక్కుతో ఏరుకోవాలి తప్ప కళ్ళతో కాదు. బుట్ట సగం నిండాక పైకొమ్మ అందలేదని పొలం గేటు రెండో కమ్మీ ఎక్కాను. కాలు జారింది. వెల్లకిలా పడ్డాను. తల వెనక రాయి తగిలింది.

కాసేపు ఆకాశం చూస్తూ అలాగే పడుకున్నాను. తర్వాత లేచి మిగతా సగం బుట్ట కూడా నింపుకుని ఇంటికొచ్చాను. బొప్పి కోడిగుడ్డంత ఉంది.

జూన్ 10

పూలు బకెట్లో నానుతున్నాయి. నిమ్మకాయలు, పంచదార, ఒక కప్పు చల్లారిన టీ వేశాను. తల దిమ్ముగా ఉంది.

జూన్ 12, బుధవారం

పొయ్యి మీద పాలు పెట్టి పేపరు చదువుతున్నాను. కళ్ళు మండితే తలెత్తి చూశాను. వంటిల్లంతా పొగ. పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. నాకు మాత్రం ఏ వాసనా లేదు.

ముందు జలుబు అనుకున్నాను. ముక్కు శుభ్రంగానే ఉంది. ఉల్లిపాయ కోసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, వాసన రాలేదు. తారు సబ్బు. కిరసనాయిలు డబ్బా. పుదీనా నలిపి చూశాను. చివరికి ఈస్ట్ పులుస్తున్న బకెట్ మీదికి వంగాను. ఇరవై మూడేళ్ళు స్కూలు వంటింట్లో మూడు వందల మందికి వండిన ముక్కు ఇది. ఏ మూల ఏ డెక్చీ అడుగంటుతోందో వీధి గుమ్మంలోంచి చెప్పేదాన్ని.

ఏమీ లేదు. గోడకి ముక్కు ఆనించినట్టుంది.

జూన్ 14

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. పడినప్పుడు తల లోపల వాసన తాలూకు నరాలు తెగి ఉంటాయన్నాడు. ఏడాదిలోపు తిరిగి రావచ్చు, వస్తే మొదట్లో అన్నీ ఒకే కంపు కొట్టవచ్చు, అసలు రాకపోనూ వచ్చు. కళ్ళో చెవులో పోయి ఉంటే ఎంత కష్టమో ఆలోచించండి అని ఓదార్చాడు. ఆలోచించాను. ఓదార్పు దొరకలేదు.

ఎవరికీ చెప్పదలుచుకోలేదు.

జూన్ 20

పోస్టాఫీసు మేవిస్ క్రంప్ ఉత్తరం పట్టుకుని తనే వచ్చింది. పూల ప్రదర్శన కమిటీకి ఆవిడే సెక్రటరీ. ఆగస్టులో వైన్లకి ఈసారీ నేనే జడ్జినట. పదో ఏడు కదా, వేదిక మీద ఏదో బహుమానం కూడా ఇస్తారట, నాకు చెప్పకూడదట. చెప్పేసింది.

సరేనన్నాను. ఆగస్టుకల్లా తిరిగొచ్చేస్తుందిలే అనుకున్నాను.

జులై 7

రోజుకి రెండుసార్లు స్నానం చేస్తున్నాను. నా ఒంటి వాసన నాకు తెలియదు కాబట్టి అందరికీ తెలుస్తోందేమోనని భయం. గ్యాసు నాబ్ మూడేసిసార్లు తిప్పి చూస్తున్నాను. తిండి తినడం పనైపోయింది. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది. మిగతాదంతా తడి అట్ట.

ఇవాళ పొద్దున గేటు దగ్గర బకెట్ నిండా గూస్‌బెర్రీలు. పెర్సీ బెడోస్ పెట్టి వెళ్ళాడని బకెట్ చూసి గుర్తుపట్టాను. తలుపు కొట్టడు ఆ మనిషి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, అప్పుడూ అంతే, రోజుకి పది మాటలు. ఇంట్లో మాట్లాడే పనంతా అతని భార్య ఈనాదే. ఫిబ్రవరిలో ఈనా గుండె ఆగిపోయింది. తోట మాత్రం ఆగలేదు. కాయలు కాస్తూనే ఉన్నాయి, వాటితో ఏం చెయ్యాలో అతనికి తెలియదు.

ఈనా గురించి రాయాలంటే చెయ్యి ఆగుతోంది. నేను జడ్జిని కాకముందు పదకొండేళ్ళు ఇద్దరం పోటీపడ్డాం. జడ్జినయ్యాక నా చేత్తో ఆరుసార్లు ఫస్ట్ ఇచ్చాను. ఒక్కసారీ థాంక్స్ చెప్పలేదు. ఒక ఏడు ఆవిడ బీట్‌రూట్ వైన్‌కి సెకండ్ ఇస్తే మాత్రం నేరుగా నా దగ్గరికొచ్చి, పులుపు ఎక్కువైంది, నువ్వు చెప్పింది నిజమేనంది. నా జడ్జిమెంటుకి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేనెరగను.

జులై 27, శనివారం

ఈసారి పెర్సీ తలుపు కొట్టాడు. మెట్ల కింద బీరువా సర్దుతుంటే ఒక గాజు జాడీ కనిపించిందట. ఈనా రాసిన చీటీ ఉందట, పార్స్‌నిప్ దుంపలు, నవంబరు అని. అదే ఆవిడ ఆఖరి వైన్. దాన్ని ఏం చెయ్యాలి అని అడిగాడు.

వెళ్ళాను. వైన్ ఎంత తేటగా ఉందంటే జాడీ అవతల ఉన్న గోడ కాగితం మీది పువ్వులు లెక్కపెట్టవచ్చు. కరిగించిన బంగారం. కానీ అడుగున బొటనవేలంత మందాన మడ్డి పేరుకుని ఉంది. గాలి లోపలికి పోకుండా బిరడా మీది గొట్టంలో పోసే నీళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి. జనవరిలో మడ్డి తీసేయాల్సిన మనిషి జనవరిలో మంచం పట్టింది. ఇదంతా నేను చూశాను. చూడలేదని ఇక్కడ రాయలేను.

రబ్బరు గొట్టంతో ఆరు బాటిళ్ళలోకి తీశాను. పెర్సీ గుమ్మంలోనే నిలబడ్డాడు. మద్యం ముట్టకూడదనే చాపెల్ మనిషి, జన్మలో చుక్క తాగలేదు. ఒక గుటక తాగాను. తియ్యగా, నిండుగా ఉంది, పులుపు సరిగ్గా కుదిరింది. నాకు తెలిసేది అంతవరకే.

ఎలా ఉందని అడిగాడు.

నాకు తెలియట్లేదు పెర్సీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. "ఈనా చేతి వైన్ బాగోకుండా ఎలా ఉంటుంది?" అన్నాను.

ఫిబ్రవరి తర్వాత అతని మొహంలో నవ్వు చూడటం ఇదే మొదటిసారి. పోటీకి పెడతానన్నాడు.

ఆగస్టు 19

నాకు ఒంట్లో బాగాలేదు, జడ్జిగా రాలేనని మేవిస్‌కి చీటీ రాశాను. పొయ్యిలో వేశాను.

ఆగస్టు 24, శనివారం

రాస్తున్నాను, ఎందుకంటే రాయకపోతే ఇంకెక్కడా చెప్పలేను.

పొద్దున టెంట్‌లో పదకొండు బాటిళ్ళు. పేర్లుండవు, నంబర్లే. ఎనిమిదో నంబరు ఎవరిదో నాకు తెలుసు, నేను నింపిన బాటిల్ అది. ఒక్కోదాన్నీ వెలుతురుకి ఎత్తి చూశాను, వాసన చూసినట్టు నటించాను, చప్పరించాను, ఉమ్మాను. రంగు, తేట, తీపి, పులుపు. వీటితో సగం తీర్పు చెప్పవచ్చు. మిగతా సగం గుడ్డిగా వేశాను. ఈనా చెయ్యి తప్పదు కదా అనుకుని ఎనిమిదికి ఫస్ట్ ప్రైజు ఎర్ర కార్డు పెట్టాను. సెకండ్ గ్విలిమ్ ప్యూ డామ్సన్ పళ్ళ వైన్‌కి. గ్విలిమ్ హెర్‌ఫర్డ్ బస్సు నడుపుతాడు. పన్నెండేళ్ళుగా పోటీకి పెడుతున్నాడు, ఒక్క ఫస్టూ రాలేదు.

సాయంత్రం ప్రైజులిచ్చాక ఎప్పటిలాగే గెలిచిన బాటిల్‌ని చిన్న గ్లాసుల్లో పోసి పంచారు. నేను జనం మొహాలు చూస్తున్నాను. మొదటి గుటకకి అందరూ తలూపారు. తర్వాత ఒక్కొక్కరి తలా ఆగిపోయింది. గ్లాసులు నెమ్మదిగా బల్ల మీదికి చేరాయి, నిండుగానే. గ్విలిమ్ తన గ్లాసులోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మేవిస్ నా మోచెయ్యి నొక్కి, "నీది ఎంత పెద్ద మనసు డోరా" అంది. కళ్ళలో నీళ్ళు.

నాకు అర్థం కాలేదు. మరుక్షణం అర్థమైంది.

ఎలుక కంపు. మడ్డి మీద వదిలేసి గాలి తగలనిచ్చిన వైన్‌కి పడుతుంది అది. గ్లాసులో వాసన రాదు. నోట్లో పోసుకున్న కాసేపటికి ఎలుకలు గూడు పెట్టిన పెట్టె తెరిచినట్టు గొంతులోంచి పైకి వస్తుంది. కొత్తగా వైన్ చేసేవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠమే అది.

అప్పుడు చూశాను పెర్సీని. ఆదివారం కోటు వేసుకుని, భార్య పేరు మీద, జన్మలో మొదటి గుటక తాగుతున్నాడు. వైన్ సంగతి అతనికి తెలియకపోవచ్చు, ఎలుకల సంగతి ఏ తోటమాలికి తెలియదు? గ్లాసు బల్ల మీద పెట్టాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

నాకు వేదిక మీద ఇత్తడి గంట ఒకటి బహుమానంగా ఇచ్చారు. పది నిమిషాలు చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 25

ఊళ్ళో నేనిప్పుడు దేవతని. పాలవాడు కూడా టోపీ తీశాడు. పాపం పెర్సీ కోసం, వైన్ పాడైందని తెలిసి తెలిసీ ఫస్ట్ ఇచ్చానట. గ్విలిమ్ కూడా ఏమీ అనుకోలేదట, తనైనా అదే చేసేవాడినన్నాడట. ఇదంతా మేవిస్ చెప్పింది, ఒక కేకు కూడా ఇచ్చి వెళ్ళింది.

మధ్యాహ్నం పెర్సీ వచ్చాడు. ఎర్ర కార్డు నా చేతిలో పెట్టాడు. లోపలికి రమ్మన్నాను, రాలేదు.

"మా ఇంట్లో తాగినప్పుడే నీకు తెలుసు డోరా. బాగుందన్నావు. ఊరంతా నన్ను చూసి జాలిపడటానికి నువ్వే తీసుకెళ్ళి నిలబెట్టావు" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా సంగతి పోనీ. ఈనా ఉంటే ఈ కార్డు నీ మొహాన కొట్టేది."

వెళ్ళిపోయాడు. అంత పొడుగు మాటలు అతని నోట ఎప్పుడూ వినలేదు.

ఆగస్టు 28

కేకు తిన్నాను. తడి అట్ట.

సెప్టెంబరు 3, మంగళవారం

తొమ్మిది రోజులు ఆలోచించాను. మంచిదాన్నని పేరు వచ్చింది, నోరు మూసుకుంటే ఉండిపోతుంది. నిజం చెబితే ముక్కు పోయిందని తెలుస్తుంది, అబద్ధమాడానని తెలుస్తుంది, జడ్జి కుర్చీ పోతుంది. లెక్క ఎటు చూసినా మూసుకోవడమే లాభం. కానీ పెర్సీ ఈ తొమ్మిది రోజులూ తోటలోకి రాలేదు. బీన్స్ ముదిరి తీగల మీదే ఎండుతున్నాయి. దారిన పోయేవాళ్ళందరికీ కనిపిస్తోంది.

పొద్దున వెళ్ళాను. వాకిట్లోనే చెప్పేశాను. గేటు మీంచి పడటం, పాలు మాడటం, డాక్టరు, అన్నీ.

నమ్మలేదు. మొహం చూస్తే తెలిసింది, ఇంకో రకం జాలి అనుకుంటున్నాడు. నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. తోటలోకి వెళ్ళి ఒక్కోటీ తెచ్చి ముక్కు కింద పెట్టాడు. నేను ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ పోయాను. చివరికి ఏదో చాలా దగ్గరగా పెట్టి ఎక్కువసేపు ఉంచాడు. ఏమీ లేదన్నాను. కళ్ళు తెరిస్తే పార మీద పచ్చి పందిపేడ. నా ముక్కుకి అంగుళం దూరంలో.

పెర్సీ పార కింద పెట్టి నా పక్కన కూలబడ్డాడు.

"అయితే జాలితో ఇవ్వలేదన్నమాట."

"లేదు."

"నిజంగానే ఫస్ట్ అనుకున్నావా?"

"తేట చూశాను, తీపి చూశాను. మిగతాది ఈనా చెయ్యి కదా అని నమ్మాను. నాకు తెలియట్లేదని నీతో చెప్పాల్సింది పెర్సీ. చెప్పడానికి సిగ్గేసింది."

అతని భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడనుకున్నాను. సగం ఏడుపే, సగం నవ్వు. ఈనాని ఎలుక ఓడించిందన్నమాట అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, గ్విలిమ్‌కి చెప్పాలి కదా అన్నాడు.

చెప్పాలి.

సెప్టెంబరు 12

ఊరి హాల్లో వైన్ బృందం మీటింగు. పద్నాలుగు మంది. నిలబడి చెప్పాను, కూర్చున్నాను.

జాలితో తప్పు తీర్పు ఇచ్చానంటే క్షమించినవాళ్ళు, తెలియక ఇచ్చానంటే క్షమించలేకపోయారు. మేవిస్ అయితే నేనేదో ఆవిడ పర్సులోంచి తీసుకున్నట్టు చూసింది. మేమంతా నీ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నామో తెలుసా అంది. నేను చెప్పుకోమనలేదు. కాదని కూడా అనలేదు. ఆవిడ అడిగింది న్యాయమే.

గ్విలిమ్ అందరికన్నా చివర మాట్లాడాడు. స్కూల్లో నా చేతి అన్నం తిన్న పిల్లవాడే, ఇప్పుడు నలభై దాటాయి. లేచి, "అయితే మిస్ గామన్, నా డామ్సన్ ఎలా ఉందో కూడా మీకు తెలియదు" అన్నాడు.

"తెలియదు గ్విలిమ్."

"పన్నెండేళ్ళలో నాకు సెకండ్ వచ్చింది ఇదే మొదటిసారి" అన్నాడు. అంతే. కోటు తీసుకున్నాడు.

మందలింపులన్నీ తట్టుకున్నాను. అది తట్టుకోలేకపోయాను.

కార్డులు సరిచేశారు, ఫస్ట్ గ్విలిమ్‌కి. వచ్చే ఏడు జడ్జి లెడ్‌బరీ నుంచి వస్తాడు. ఇత్తడి గంట తిరిగి ఇచ్చేశాను.

సెప్టెంబరు 13

వర్షం. ఎవరూ రాలేదు.

అక్టోబరు 6, ఆదివారం

పెర్సీ చాపెల్ నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో బ్లాక్‌బెర్రీలు. ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. నాకు వాసన తెలియదు కదా అన్నాను. నీకు చెయ్యడం వచ్చు, నాకు ముక్కుంది, ఇద్దరి దగ్గరా చెరో సగం ఉంది అన్నాడు.

ముందు నా ఎల్డర్ పూల వైన్ చూడమన్నాను. జూన్ నుంచి మూత తియ్యడానికి ధైర్యం చాలలేదు. పాస్టర్ తాగొద్దన్నాడు గానీ ఉమ్మొద్దనలేదు అని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాడు. మొహం మారింది.

"చెప్పు పెర్సీ. నాలాగ చెయ్యకు."

"పిల్లి" అన్నాడు. "ఒకటి కాదు."

పడ్డాక వాసన తెలియకుండానే కోసిన సగం బుట్ట సంగతి అప్పుడు చెప్పాను. ఇద్దరం కలిసి మోరీలో పారబోశాం. నాలుగున్నర గ్యాలన్లు. పెర్సీ ముక్కు మూసుకున్నాడు, నేను మూసుకోనక్కర్లేదు.

అక్టోబరు 20

అతనికి వైన్ మాటలు రావు. పండు వాసన, పూల వాసన, అలా చెప్పడం తెలియదు. అందుకని తనకి తెలిసినవే చెబుతాడు. బ్లాక్‌బెర్రీ పులుస్తుంటే, వాన పడ్డాక తుప్పు గేటు మీద చెయ్యేసినట్టుంది అన్నాడు. మూడో రోజు, గుర్రం జీను లోపలి వైపు అన్నాడు. ఇవాళ చాలాసేపు ఆలోచించి, "మా అమ్మ ఊరెళ్ళి వచ్చాక బీరువా తలుపు తెరిచినప్పుడు" అన్నాడు.

అన్నీ పుస్తకంలో రాసుకుంటున్నాను. రోజుకి పది మాటల మనిషి. ఇవాళ రెండు పేజీలైంది.

ఈనా వైన్ మిగిలిన బాటిళ్ళు ఏం చెయ్యమంటావని వెళ్ళేటప్పుడు అడిగాడు. బాగుపడదు పెర్సీ, ఎన్నేళ్ళు ఉంచినా అన్నాను. ఒకటి దాచుకుని మిగతావి పార్స్‌నిప్ మడిలో పోస్తానన్నాడు.

నవంబరు 9

మంచు పడ్డాక స్లో అనే అడవి కాయలు కోయడానికి వెళ్ళాం. పొదనిండా ముళ్ళు. పెర్సీ నన్ను ఏ గేటూ ఎక్కనివ్వలేదు.

రోడ్డెక్కగానే హెర్‌ఫర్డ్ బస్సు ఎదురైంది. రెండు నెలలుగా గ్విలిమ్ నా వైపు చూడకుండా బస్సు నడుపుతున్నాడు. ఇవాళ స్టాపు కాని చోట ఆపాడు. ఎక్కాం. దిగేటప్పుడు సీటు కింద నుంచి కాగితంలో చుట్టిన బాటిల్ తీసి నాకు కాదు, పెర్సీకి ఇచ్చాడు. నా డామ్సన్ ఇది, ఎలా ఉంటుందో ఆవిడకి సరిగ్గా చెప్పండి, తొందరపడకుండా చెప్పండి అన్నాడు.

నవంబరు 10

పెర్సీ గంటసేపు చెప్పాడు. గ్విలిమ్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను. అందులో మాటలన్నీ పెర్సీవి. ఫస్ట్ అన్న మాట ఒక్కటి నాది.

1975 ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున టీ కప్పు ఎత్తగానే కాలిన రబ్బరు కంపు. పాలు విరిగాయేమోనని పారబోశాను. సబ్బు పట్టుకుంటే అదే. రొట్టె అదే. పెర్సీ వస్తే అతని కోటు కూడా అదే. అసహ్యంగా ఉంది, కానీ ఎనిమిది నెలల్లో ఇదే మొదటి వాసన.

కదలకుండా నిలబడమని చెప్పి, కోటు ఇంకోసారి వాసన చూశాను.